దావూ దండు నడిచిన దూరం

"వాడు రాడు రమణమ్మా. నా మనసు చెప్తాండాది, వాడు ఈ దోవన రాడు."

నేను ఈ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పలమనేరు రోడ్డు పుంగనూరులోకి దిగే చోట, రమణమ్మ టీ అంగడి ముందరి బెంచీ మీద నేనూ మా ఆయనా కూర్చుని ఉన్నాం. ఎండ తారు మీద నీళ్ళలాగా మెరుస్తోంది. ఆ మెరుపులో దూరంగా ఏది కదిలినా మా అబ్బాయి గిరీష్‌లాగే కనబడి, దగ్గరికి వచ్చేసరికి ఆవో, సైకిలో, ఎవరో ముసలాయనో అయిపోతోంది.

"నీ నోట్లోనుంచి ఒక మంచి మాట రాదేమక్కా! పెండ్లి పత్రిక చేతికిచ్చినా దినం ఎప్పుడని అడిగే మనిషివి నువ్వు," అంది రమణమ్మ, పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ. మా ఆయన నవ్వలేదు. తువ్వాలు తల మీదినుంచి తీసి మోకాలి మీద వేసుకుని, మళ్ళీ తల మీద వేసుకున్నాడు.

చెడ్డను ముందుగా నోటితో అనేయడం నాకు మొదటినుంచీ అలవాటు. బస్సెక్కితే బోల్తా పడుతుందంటాను, వాన పడితే గోడ కూలుతుందంటాను. అన్నది జరగదు, అనుకోనిదే వచ్చి మీద పడుతుంది. బడి చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయినా ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్న చదువు ఇదొకటి ఉంది. గిరీష్ చిన్నప్పుడు గొంతు నొప్పితో జ్వరం వస్తే టైఫాయిడ్ అన్నాను, మలేరియా అన్నాను, కామెర్లన్నాను, తెలిసిన జబ్బులన్నీ అనేశాను. వచ్చిందేమో నాకు పేరు తెలియనిది. మోకాలు వాచింది, అది తగ్గి మోచెయ్యి వాచింది, అది తగ్గి మణికట్టు. ఇల్లిల్లూ తిరిగే చుట్టంలాగా కీలు కీలుకూ తిరిగి, పోయినట్టే పోయి గుండెలో కూర్చుంది. మదనపల్లె డాక్టరు రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి గుండెలో కవాటం ఎలా మూసుకోవాలో చూపించాడు. తర్వాత వేళ్ళ మధ్య సందు వదిలి, మావాడిది ఎలా మూసుకుంటోందో చూపించాడు. ఆ సందు ఇప్పటికీ నా కళ్ళ ముందర ఉంది. నెలనెలా సూది. పరుగెత్తకూడదు, బరువెత్తకూడదు. వాడు నిద్రపోయాక ఛాతీ మీద చెవి పెట్టి వినేదాన్ని. ప్రతి చప్పుడు వెనకా సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నని ఈల. అందరి పిల్లలకూ అలాగే ఉంటుందేమోనని ఒకసారి మా చెల్లెలి కూతురు నీరజ పడుకున్నప్పుడు దాని గుండె కూడా విన్నాను. దానిది తలుపు వేసినట్టు ఠపీమని మూసుకుంది. ఆ రోజు వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

పరుగెత్తకూడని పిల్లవాడు ఏం చేస్తాడు? లైబ్రరీకి పోయాడు. అక్కడ ఎవరూ ముట్టని పాత పుస్తకాల్లో వీడికి దొరికినవాడు నెపోలియన్. వాడి గదిలో గోడకు బొమ్మ కూడా అంటించాడు, తెల్ల గుర్రం లేదు, కత్తి లేదు, పొట్టి మనిషి, కోటులోకి చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంటాడు. అది ఆ కాలపు గొప్పవాళ్ళ ఠీవి అని వాడు చెప్పేవాడు. నాకు మాత్రం ఆ మనిషి ఛాతీ నొప్పిని ఎవరికీ కనబడనీయకుండా అదిమి పట్టుకున్నట్టే ఉండేది. గది ఊడ్చేటప్పుడు ఆ బొమ్మ వైపు చూసేదాన్ని కాదు.

తర్వాత మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు కలీం దొరికాడు. టమోటా మార్కెట్లో పెట్టెలు సర్ది లారీలకెత్తించే రసూల్ గారి కొడుకు. ఆదివారం ఆదివారం బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు, చేతిలో ఒక సంచి టమోటాలు. అవి తెచ్చేది నా కోసం కాదు. నడవలో పరిచేవాళ్ళు. టమోటాలు ఇంగ్లీషువాళ్ళు, వంకాయలు ఫ్రెంచివాళ్ళు, ఉల్లిగడ్డలు రష్యావాళ్ళు, చీపురుపుల్లలు నదులు. ఏ సైన్యం గొప్పది, ఏ సేనాపతి గొప్పవాడు, ఇదే గొడవ పొద్దుగూకే దాకా. నే అనే ఫ్రెంచి సేనాపతి కింద అయిదు గుర్రాలు చచ్చినా ఆయన మాత్రం చావలేదంట. మరొకాయన పటాలు చూసి దారులు చెప్పేవాడంట. సాయంత్రానికి చచ్చిపోయినవాళ్ళందరినీ ఏరి నేను పప్పులో వేసేదాన్ని. "మీ అమ్మ చేతిలో ఇంగ్లీషోళ్ళు భలే రుచిరా," అని కలీం వేళ్ళు నాకేవాడు. మా ఆయన కూడా మధ్యలో వచ్చి కూర్చునేవాడు. ఆయన రష్యా ముసలి సేనాపతి పక్షం, ఒక కన్ను పోయినాయన. "ఏమీ చేయకుండా వెనక్కి పోతా పోతానే గెలిచినోడు మగోడు," అనేవాడు. గుడ్డల అంగడిలో ఇరవై ఏళ్ళుగా ఒకే దిండు మీద కూర్చున్న మనిషి ఇంకెవరిని మెచ్చుకుంటాడు?

కలీం పట్టుకున్నది నెపోలియన్‌ను ఓడించిన ఇంగ్లీషు సేనాపతి వెల్లింగ్టన్ పక్షం. అది ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ళ తాతలు గుర్రంకొండ కోటలో టిప్పు సుల్తాను గుర్రాలు మేపినవాళ్ళంట. ఆ వెల్లింగ్టనే అంతకు ముందు టిప్పు మీదికి, శ్రీరంగపట్నం మీదికి వచ్చిన దండులో ఉన్నవాడు. "మీ తాతల దొరను కొట్టినోని పక్షం పడతావేరా, సిగ్గులేదూ," అని మావాడు ఎగతాళి చేసేవాడు. వాళ్ళ నాయన రసూల్ గారు ఒకసారి అంగడికి వచ్చినప్పుడు మా ఆయనతో, "మా ఇంట్లో పుట్టాల్సినోడు కాదు లక్ష్మీపతన్నా వీడు," అని నవ్వుతూనే అన్నాడు కానీ ఆ నవ్వు కింద బాధ ఉంది. కలీం మాత్రం పట్టు వదిలేవాడు కాదు. వెల్లింగ్టన్ నిదానంగా నడిచేవాడంట, బియ్యం మూటలు మోసే ఎద్దులు వెంట లేనిదే అడుగు ముందుకు వేయడంట, మన మైసూరు ఎద్దులే కావాలని అడిగేవాడంట, పల్లెలో గింజ ముట్టుకున్నా దుడ్లిచ్చి తీసుకొమ్మనేవాడంట. "ఎద్దుల దొర" అని పేరు పెట్టాడు మావాడు. ఫ్రెంచివాళ్ళకు మూటా లేదు ముల్లే లేదు, దోవలో ఏ ఊరు వస్తే ఆ ఊర్లో దొరికింది తిని, గాలిలాగా పోయేవాళ్ళంట. "గాలికి ఆకలేస్తాది రా," అనేవాడు కలీం. ఒకసారి నేను వంటింటి గడపలోనుంచి, "అంతమందికి అన్నం ఎవురు వండుతాండ్రి నాయనా?" అని అడిగాను. మావాడూ వాళ్ళ నాయనా పగలబడి నవ్వారు. కలీం నవ్వలేదు. "అసలు ప్రశ్న అదే మా," అన్నాడు.

నాలాంటి దానికి ఇంకో వింత ఏమిటంటే, మదనపల్లెలో కలీం పనిచేసే ఇంటర్నెట్ సెంటరులో కంప్యూటరు తెరిస్తే, ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్ళు కూడా రాత్రింబవళ్ళు ఇదే కొట్లాట కొట్లాడుకుంటూ ఉంటారంట. రెండు వందల ఏళ్ళయింది వాళ్ళంతా మట్టిలో కలిసి. ఇంకా ఎవరు గొప్పో తేలలేదు.

ఆ కొట్లాటే చివరికి ఈ రోడ్డు మీదికి వచ్చింది. దావూ అని ఒక ఫ్రెంచి సేనాపతి, ఆయన దండు రెండు రోజుల్లో డెబ్బై మైళ్ళు నడిచి వచ్చి, పోతుందనుకున్న యుద్ధాన్ని నిలబెట్టిందంట. గిరీష్‌కు ఆ నడక అంటే ప్రాణం. అన్నం కలుపుతూ కూడా దాని గురించే చెప్పేవాడు. "కాగితం మీద నడిచినార్లే," అన్నాడు కలీం. "కుప్పం నుంచి మదనపల్లె అంత దూరమే ఉంటాది, నడిచి చూపిస్తా," అన్నాడు వాడు. ఆదివారం మాటలే అనుకున్నాను. నిన్న కుప్పంలో సర్టిఫికెట్ తెచ్చుకోవాలని పోయాడు. ఈ పొద్దు ఉదయం కలీం చెల్లెలు యాస్మిన్ మా గుడ్డల అంగడికి ఫోను చేసి, "అమ్మా, మా అన్నా గిరీష్ అన్నా నడిచి వస్తాండారు, మధ్యాన్నానికి మీ ఊరు దాటతారంట, నేను చెప్పినానని చెప్పొద్దు," అంది. ఒప్పందం కూడా చెప్పింది. గిరీష్ ఫ్రెంచి దండు, ఉత్త చేతులతో నడవాలి, పల్లెల్లో పెట్టింది తినాలి. కలీం ఇంగ్లీషు దండు, అన్నం మూటా నీళ్ళ సీసాలూ వీపున మోసుకుని నడవాలి. కలీం మూటలోనుంచి గుక్కెడు నీళ్ళు తాగినా గిరీష్ ఓడినట్టే.

మే నెలలో. వానలు లేక రెండేళ్ళయిన సీమలో. సగం మూసుకునే గుండెతో.

దూరంగా ఒక మనిషి. ఈసారి ఆవు కాలేదు, సైకిలు కాలేదు. వీపు మీద పెద్ద సంచి, కుంటుతూ, పరుగూ నడకా కాని నడక. కలీం. ఒక్కడే. నేను లేచి నిలబడ్డాను. 

"గిరీష్ వచ్చేసినాడా మా?" అన్నాడు.

నేను అడగవలసిన మాట వాడు అడిగేశాడు. 

"ఏమిరా, నీతో లేడా?" అని మా ఆయన లేచాడు. కలీం పెదవులు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. "పలమనేరు దాటినాక అడ్డదోవ పట్టినాడు నాయనా. దండు ఒక్క దోవనే పోదురా, చీలిపోయి పోతాది, నీకంటే ముందు పుంగనూర్లో ఉంటా అని నవ్వినాడు. నేను గూడా దిగబోతే, గెలవలేక నా వెనకాలే వస్తాండావు, ఒప్పుకో అన్నాడు. నిలబడిపోయినా. మళ్ళా మనసు ఒప్పక దిగి చూస్తే కనపడలే. ముందు ఈడికొచ్చి ఉంటాడని పరిగెత్తినా."

 మా ఆయన రమణమ్మ పెనిమిటి టీవీఎస్ బండి తీసుకుని పలమనేరు వైపు పోయాడు. ఆయన బండి అంత వేగంగా నడపడం నేను ఎన్నడూ చూడలేదు. పొగ ఒక గీతలాగా నిలబడి, తర్వాత అదీ పోయింది.

రమణమ్మ బకెట్టులో నీళ్ళు తెచ్చి కలీం కాళ్ళు పెట్టించింది. బొబ్బలు పగిలి చెప్పుకు అంటుకున్న తోలు ఊడి వచ్చింది. వాడు కళ్ళు మూసుకోలేదు. నేను వాడి పక్కన కూర్చున్నాను. గిరీష్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు, వాడి జబ్బు సంగతి స్నేహితులెవరికీ చెప్పనని. కాలేజీలో చేరిన రోజు, నా చెయ్యి తన తల మీద పెట్టుకుని. ఇప్పుడు ఆ ఒట్టు దేనికి?

"వానికి గుండె బాగలేదని నీకు తెలుసునా కలీం?"

వాడు బకెట్టులో నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. వినలేదేమో అనుకున్నాను. విన్నాడు, మెడ నరం కదిలింది. 

సరే, తెలియదు. తెలిసి ఉంటే రానిచ్చేవాడా? తెలిసి ఉంటే నవ్వినప్పుడు నిలబడిపోయేవాడా? ఎవరిని అనడం, ఏమని అనడం. అడ్డదోవ అంటే ఏ అడ్డదోవ, చింతతోపుల మీదుగా పోయేదా, గుట్ట చుట్టూ పోయేదా? గుట్ట చుట్టూ పోయేదైతే మనిషి పురుగు ఉండదు, ఎండిపోయిన బావులు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, వాటికి గట్లు లేవు. కళ్ళు తిరిగి పడితే ఎవరు చూస్తారు? పోయిన ఏడాది పలమనేరు అడవిలోనుంచి ఏనుగులు దిగి చెరుకు తొక్కాయి. పాములు నీడ కోసం మోరీల కింద చేరతాయి, నీడ కోసం మనుషులూ మోరీల కిందే చేరతారు. ఇదిగో, అన్నీ అంటున్నాను, ఒక్కటీ వదలకుండా అంటున్నాను, అన్నది జరగదు కదా. బావి అన్నాను, పాము అన్నాను, ఏనుగు అన్నాను, లారీ అన్నాను, వడదెబ్బ అన్నాను. గుండె అన్న మాట మాత్రం నోటికి రావడం లేదు. అదొక్కటే మిగిలిపోయింది, అదొక్కటే అనలేదు, అనకపోతే జరుగుతుంది, అంటే నేనే పిలిచినట్టవుతుంది.

ఒక పలమనేరు బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో పచ్చ చొక్కా ఒకటి ఉంది. గిరీష్‌కు పచ్చ చొక్కా ఉందా? ఉంది, కానీ నిన్న వేసుకుపోయింది నీలం చారలది. నేనే ఇస్త్రీ చేయించాను. సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి ఎందుకురా ఇంత పాత బూట్లు అని అడిగాను కూడా. నడవడానికి అని నాకెలా తెలుస్తుంది. బస్సు పోయింది. కండక్టరు విజిలు చాలా దూరం దాకా వినబడింది.

దావూ దండు గురించి కలీం ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. "డెబ్బై మైళ్ళు నడిచిన దండు అంటావే, బయల్దేరినోళ్ళు ఎందరు, చేరినోళ్ళు ఎందరు? దోవలో పడిపోయినోళ్ళను ఎవురు లెక్క రాసినారు?" మావాడు, "వాళ్ళు తర్వాత వచ్చి కలుసుకున్నారు," అన్నాడు. "అందరూ కలుసుకోలే," అన్నాడు కలీం. నేను అప్పుడు వంకాయలు ఏరుతున్నాను. అందులో ఒకటి చేతిలోనుంచి జారి గడప దాకా దొర్లిపోయింది, మావాడు కాలితో ఆపాడు. అంత మామూలు మధ్యాహ్నం. పడిపోయినవాళ్ళు ఎక్కడ పడి ఉంటారు? మోరీల కిందనా? ఎవరైనా మజ్జిగ ఇచ్చి ఉంటారా? వాళ్ళ భాష వీళ్ళకు రాదు, వీళ్ళ భాష వాళ్ళకు రాదు. మా పల్లెల్లోనైనా ఏమని అడుగుతాడు మావాడు? అమ్మా, నేను దండులో మనిషిని, అన్నం పెట్టండి అంటాడా? వాడు మా ఇంట్లోనే రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడతాడు. చుట్టాలింటికి పోతే నీళ్ళు కూడా అడగడు, వాళ్ళే ఇస్తే తాగుతాడు. ఏ పుస్తకం చదివి వీడు తనను దోచుకు తినే దండు అనుకున్నాడో!

సాయం వస్తుందని చూడడం, అది రాకపోవడం. వీళ్ళ కథలన్నీ చివరికి అంతే అనిపిస్తుంది. నెపోలియన్ టిప్పుకు జాబు రాశాడంట, నేను వస్తున్నానని. అది మధ్యలోనే ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కిందంట. అది చెప్పేటప్పుడు రసూల్ గారి గొంతు మారేది, నిన్న జరిగినట్టు. ఆఖరి యుద్ధంలో నెపోలియన్‌కే సాయం రాలేదంట. గ్రూషీ అనే సొంత సేనాపతే దూరాన ఫిరంగుల మోత విని కూడా, నాకు చెప్పిన పని ఇది కాదు అని వేరే దోవన పోయాడంట. విని కూడా! అవతలి పక్షానికి మాత్రం బ్లూకర్ అని డెబ్బై దాటిన ముసలాయన వచ్చాడంట, అంతకు ముందే గుర్రం మీద పడి నలిగి, ఒంటికి వెల్లుల్లీ సారాయీ పూయించుకుని, మాట ఇచ్చాను పోవాలి అని వచ్చాడంట. ఆ వెల్లుల్లి మాట నాకు బాగా నచ్చింది అప్పుడు. మా అమ్మ కూడా నొప్పులకు వెల్లుల్లి కాచిన నూనే పూసేది. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోయిన మా ఆయన ఎవరు? వచ్చేవాడా, రానివాడా? ఇరవై ఏళ్ళుగా ఒకే దిండు మీద కూర్చున్న మనిషి. కూర్చునే గెలవొచ్చు అనుకునే మనిషి. దేవుడా, ఈ ఒక్క పొద్దు ఆయనను ఆ ముసలి రష్యావాడిని చేయకు.

"అక్కా, కొంచెం టీ తాగు," అంది రమణమ్మ. గ్లాసు చేతిలో పెట్టింది. చల్లారిపోయేదాకా పట్టుకున్నాను. కలీం ఇంకా బకెట్టులోనే కాళ్ళు పెట్టుకుని, ఆ సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. బరువుగా ఉంది. సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. నిండుగా ఉన్న సీసాలు చేసే చప్పుడు. మూత తీయని సీసాలు. రెండు రోజుల ఎండలో వీడు కూడా తాగలేదా?

అప్పుడు టమోటా పెట్టెలు వేసే చిన్న ట్రాలీ ఆటో ఒకటి, హారను కొడుతూ వచ్చింది. వెనక మా ఆయన టీవీఎస్. ఆటో వెనక తొట్టిలో ఖాళీ పెట్టెల మీద గోనెసంచి పరిచి, దాని మీద నా కొడుకు. తల ఒక రైతు తొడ మీద. నీలం చారల చొక్కా. నేను పరుగెత్తానో నడిచానో తెలియదు. చెయ్యి వాడి ఛాతీ మీద పెట్టాను. కొట్టుకుంటోంది. లయ లేకుండా, అడుగులు తప్పిపోయిన దండులాగా, కొన్ని ఉరికి, కొన్ని ఆగి, మళ్ళీ ఉరికి. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

"మాది గుట్ట కింద పల్లె తల్లీ, గంగులప్ప నా పేరు," అన్నాడు ఆ రైతు. "బోరు కాడ కూలబడుండె. నోట్లో మజ్జిగ పోసినా. మా ఇంటిముందర్నే పోయినాడమ్మా అంతకుముందు! ట్యాంకరు వచ్చి మూడు దినాలాయ, ఆడోళ్ళు ఉత్త బిందెలు వరసబెట్టుకొని కొట్లాడుకుంటాండారు. నిలబడి ఆ బిందెల దిక్కు చూసినాడు. ఏం కావాలప్పా అంటే ఏం వద్దు తాతా అని పోయినాడు. అడిగితే ఇయ్యమా? చెంబుడు నీళ్ళకు మేం పోతామా? నోరు తెరిచి అడగల్నా వద్దా?"

"అడగడు," అన్నాను. "వాడు అడగడు."

"మాట్లాడింది సాలు, ఎక్కు," అన్నాడు మా ఆయన. ఆయన గొంతు ఆయనది కాదు. "మదనపల్లెకు పోదాం. పెద్దాసుపత్రికి చెప్పినా ఫోన్లో." ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను వెనక, వాడి తల నా ఒళ్ళోకి మార్చుకుని. కలీం ఎవరూ పిలవకుండానే తడి కాళ్ళతో ఎక్కి, వాడి పాదాలు తన మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సంచిలోనుంచి ఒక సీసా తీసి మూత తిప్పి, తువ్వాలు తడిపి నా చేతికి ఇచ్చాడు. నేను పెదవుల మీద అద్దాను. గిరీష్ కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, కలీంను చూశాడు, ఆ సీసాను చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళలోనుంచి నీళ్ళు చెవుల్లోకి పోయాయి. వాడు ఓడిపోయాడు. ఆ నీళ్ళు నొప్పికి వచ్చినవి కావు, నాకు తెలుసు. ఈ ఒక్క నడక నడిచేస్తే ఆ డాక్టరు వేళ్ళ మధ్య సందు అబద్ధమైపోతుందనుకున్నాడు నా బిడ్డ.

పుంగనూరు దాటాం. మామిడి తోటలు వచ్చాయి, పోయాయి. గోతులొచ్చినప్పుడల్లా పెట్టెలు ఎగిరి పడుతున్నాయి, వాడి తల రెండు చేతులతో పట్టుకున్నాను. మావాడితో, "యాల నాయనా, యాల ఇట్ల చేసుకుంటివి?" అన్నాను.  ఊపిరి బుసబుసమంటోంది. ఇంక ఆపరేషన్ అంటారు. బెంగుళూరు అంటారు. ఆలస్యం చేశారంటారు. ఇంతదాకా ఎలా ఉందో అలా ఇంక ఉండదు, అది ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు, నా అరచేతి కింద తెలుస్తోంది. ఎన్నడూ లేనిది, నోటితో అనడానికి నాకు ఏ చెడ్డా మిగల్లేదు. ఎదురుగా కలీం ఉన్నాడు. వాడి మొహం మీద దుమ్ము చారలు కట్టింది. నాకు వాడి మీద కోపం వచ్చింది, వచ్చిన కోపం పోవడానికి చోటు లేక వాడి మీదే నిలబడింది. టిప్పు గుర్రాలు మేపినవాళ్ళ ఇంట పుట్టి ఇంగ్లీషు దొర పక్షం పట్టి, మావాడిని రెచ్చగొట్టి, పంతం పెంచి, వీడు కాదూ చేసింది ఇదంతా?

"కలీం. ఇందాక అడిగితే పలకలే నువ్వు. వానికి గుండె బాగలేదని నీకు తెలుసునా, తెలియదా?"

వాడు తల ఎత్తలేదు. మావాడి పాదాల మీద చెయ్యి అలాగే ఉంచాడు. రోడ్డు వెనక్కి పోతూనే ఉంది. హార్సిలీ కొండ వరస నీలంగా లేచింది, ఎండలో వణికింది. మదనపల్లె మొదటి ఇళ్ళు, ఇటుక బట్టీ, ఒక పెట్రోలు బంకు. టమోటా లారీల వెనక ఆటో నిదానించింది. డ్రైవరు తిడుతున్నాడు. మా ఆయన దిగి ముందుకు పరుగెత్తి, దోవ ఇమ్మని లారీవాళ్ళకు దండాలు పెడుతున్నాడు. కలీం ఇంక పలకడనుకుని నేను మొహం తిప్పుకున్నాను.

"తెలుసు మా," అన్నాడు కలీం.

"వాడు చెప్పలే. డిగ్రీ మొదటి సమత్సరంలోనే సూసినా. కాలేజీలో మెట్లెక్కతా ఎక్కతా మధ్యలో కూర్చొని బూటు లేసు కట్టుకుంటాండె. చెప్పులేసుకొని వచ్చిన పొద్దు గూడా వంగి కూర్చుంటాండె మా. అడిగింటే మళ్ళీ నాతో మాట్లాడడు వాడు. అందుకే ఎద్దుల దొర పక్షం పట్టుకుంటి. మా నాయన తిట్టినా పట్టుకుంటి. నీళ్ళు మోసుకొని వాని వెనకాల నడిసేదానికి నాకు ఇంకో సాకు దొరకలే."